ఎడమ పక్క రోగాల డాక్టరు

మొన్న కొందరు కుర్ర డాక్టర్లు మా ఇంటికొచ్చారు. కాఫీ తాగారు, జంతికలు తిన్నారు, తిన్నాక "సార్, మీ గురువుల గురించి చెప్పండి" అన్నారు. విశాఖపట్నంలో నాకు చదువు చెప్పిన పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పేర్లు వినొచ్చని కలాలు కూడా బయటికి తీశారు. పేర్లు నేను చెప్పను. ఆ పేర్లవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నేను కోతలు కోస్తే "నోర్ముయ్" అనడానికి కూడా లేరు. పేర్లు లేకుండా అయితే చెప్తాను, వినండి. నాకు సర్జరీలో తొలిపాఠం చెప్పింది ఒక నులకతాడు ముక్క.

నవ్వకండి. నాది పుట్టుకతో ఎడంచేతి వాటం. ఇప్పుడైతే దాన్ని ముచ్చటగా చెప్పుకుంటారు, తెలివిగలవాడి గుర్తు అంటారు. రెంటచింతలకు కాస్త ఇవతల ఉన్న మా పల్లెలో అది ఇంటికి పట్టిన దరిద్రం. మా నాయనమ్మ నా ఎదురుగా పీట వేసుకుని కూచుని, ఎడంచేత్తో నోటిదాకా తెచ్చుకున్న ముద్దను దారిలోనే పట్టుకునేది. "ఆ చెయ్యి దేనికో తెలిసే తింటన్నావంట్రా?" అనేది. తెలుసు. తెలిసినా ఆకలేసినప్పుడు ముందు ఆ చెయ్యే లేచేది. నేనేం చెయ్యను?

ఐదో ఏట బళ్ళో వేశారు. బళ్ళో ఉన్నది ఒక్కరే అయ్యవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు మాత్రం రెండు వీధులకు వినపడేది. నేను బలపం ఎడంచేత్తో పట్టుకోవడం చూసి ఆయన కొట్టలేదు. "కొడితే ఏడుస్తాడు. ఏడుపు ఆగినాక మళ్ళా ఆ చేత్తోనే రాస్తాడు" అన్నారు మా నాన్నతో. మర్నాడు తన మంచం నులక చివర కోసి తెచ్చి, నా ఎడమ మణికట్టును నా మొలతాడుకే కట్టేశారు. ఇక రాయడానికి కుడిచెయ్యి, ముక్కు తుడుచుకోవడానికి కుడిచెయ్యి, లాగు జారితే పట్టుకోవడానికీ కుడిచెయ్యే. ఆ యాతన మీకు చెప్పినా అర్థం కాదు. అన్నీ ఒకేసారి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

సాయంత్రం బడి వదిలాక ఆయనే పిలిచి ముడి విప్పేవారు. విప్పి, "కట్టు విప్పాను, ఫో" అనేవారు. ఆ ముడి కుడిచేత్తో ఊడదీయడం నేను కొన్నాళ్ళకే నేర్చుకున్నాను. అయినా ఊడదీసేవాణ్ణి కాదు. ఆయన ఆ మాట అననిదే అది విప్పినట్టు కాదని నా నమ్మకం. ఆ మాట వినపడగానే నా ఎడంచెయ్యికి ప్రాణం వచ్చేది. గోలీలాడేది, ఉండేలుతో చింతకాయలు రాల్చేది, గేదె పాలు పిండేది. కుడిచెయ్యి పగలంతా చదువుకునేది, ఎడంచెయ్యి సాయంత్రమంతా తిరుగుళ్ళు తిరిగేది. అలా ఒకే ఇంట్లో పెరిగినా పొత్తు కుదరని అన్నదమ్ముల్లాగా నా రెండు చేతులూ పెరిగాయి.

తర్వాత సత్తెనపల్లిలో హైస్కూలు, ఆ తర్వాత విశాఖపట్నంలో డాక్టరీ. అక్కడ మా సర్జరీ ప్రొఫెసరుకు కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవారు. అదృష్టం బాగుండి ఎక్కువసార్లు దూదే ఉండేది. ఒకరోజు నేను కుర్చీ కోడుకు పట్టుదారంతో ముడులు వేయడం సాధన చేస్తుంటే వెనకొచ్చి నిలబడ్డారు. కుడిచెయ్యి నొప్పెట్టి నేను చెయ్యి మార్చుకున్నాను. ఆయన ఏమీ విసరలేదు. "ఈ వేషం ఎప్పటినుంచి?" అన్నారు. నులకతాడు కథంతా చెప్పాను. ఆయన నవ్వకుండా విని ఒక కత్తెర తెచ్చి ఎడంచేతికిచ్చి గుడ్డ కత్తిరించమన్నారు. గుడ్డ తెగలేదు, నలిగింది. కత్తెరలన్నీ కుడిచేతివాళ్ళకోసం చేసినవే. కత్తి ఇస్తే మాత్రం అదే చెయ్యి గీత గీసినట్టు కోసింది. "మీ బడిపంతులు నీకు కత్తెర నేర్పాడు. కత్తి నీ అంతట నువ్వు నేర్చుకున్నావు. ఏ పనికి ఏ చెయ్యో తెలుసుకుంటే బాగుపడతావు" అన్నారు. ఆ తర్వాత కూడా నామీద దూది విసిరారు గాని, చేతుల గురించి మళ్ళీ ఎప్పుడూ ఏమీ అనలేదు.

చదువయ్యాక నన్ను తిరిగి తిరిగి మా పల్నాడులోనే, గురజాల చుట్టుపక్కల ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి వేశారు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి, అంటే చాలావరకు నిలబడి ఉండేవి. చేతి తొడుగులకు సైకిలు ట్యూబుకు వేసినట్టు అతుకులు వేసుకుని వాడుకునేవాళ్ళం. ఆసుపత్రిలో నాకు పైన ఒక పెద్ద డాక్టరుగారు. మంచి సర్జను, కాని పాపం చేతికి పని తక్కువ, నోటికి పని ఎక్కువ. గొడ్డలి దెబ్బల కేసులన్నిటిలోనూ గాయాలు చూసింది ఆయనే కాబట్టి, గుంటూరు సెషన్సు కోర్టు నుంచి ఊపిరాడకుండా సమన్లు వచ్చేవి. నెలలో సగం రోజులు కోర్టు వరండాలోనే కూచునేవారు.

నేను చేరిన కొత్తలో ఒక రైతుకు ఎడమ చంకలో గడ్డ లేచింది. కోశాను, మానింది. అతను ఊరికెళ్ళి ఊరుకోవచ్చుగా? "ఎడం చేతి డాక్టరు కోస్తే ఎడమ పక్క రోగం మళ్ళా రాదు" అని చాటాడు. ఇంకేం, వారం తిరక్కముందే ఎడమ కన్ను, ఎడమ కాలు, ఎడమ చెవి అంటూ జనం నా గదిముందు బారులు కట్టారు. కుడి పక్కవాళ్ళంతా పెద్ద డాక్టరుగారి ముందు. మా వార్డు బాయి ఒక ముసలి సాయిబు, నిజాయితీపరుడు, రూలంటే ప్రాణం. ఆయన గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టు "ఎడమా, కుడా?" అని అడిగి పంపించడం మొదలుపెట్టాడు. తలనొప్పి అంటే "ఏ పక్క?" అనేవాడు. జ్వరం ఒళ్ళంతా ఉంటుంది కాబట్టి అది పెద్ద డాక్టరుగారిది. ఒకసారి బొడ్డు దగ్గర నొప్పితో ఒకామె వస్తే ఎటు పంపాలో తోచక, ఎండలో నిలబెట్టి వచ్చి మమ్మల్ని అడిగాడు.

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి పంపవయ్యా" అన్నారు పెద్ద డాక్టరుగారు. తర్వాత నావంక తిరిగి, "గుండె ఎడమ పక్కనేగా, అదీ నువ్వే ఉంచుకో. నాకు అపెండిక్సు చాలు" అన్నారు.

ఇది ఇలా నడుస్తుండగా ఒక ఎండాకాలం పొద్దున, పెద్ద డాక్టరుగారు గుంటూరు కోర్టుకెళ్ళిన రోజున, ఆసుపత్రి ముందు ఒక గూడుబండి ఆగింది. సాయిబు బండిలోకి తొంగిచూసి, అలవాటు ప్రకారం అడగాల్సింది అడిగి, ఉత్సాహంగా లోపలికొచ్చాడు. "సార్, మీ పక్కే. గజ్జలో, ఎడమ. చానా నొప్పిగా ఉందంట."

వెళ్ళి చూస్తే మా అయ్యవారు. జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. కడుపు పట్టుకుని ఒరిగి పడుకుని ఉన్నారు. పక్కన ఆయన భార్య, మేమంతా అయ్యవారమ్మ అని పిలిచే తల్లి, విసనకర్ర ఊపుతూ ఉంది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి గుర్తుపట్టారు.

"ఏందిరా, నువ్వా? ఎడం చేతి డాక్టరు, ఎడం చేతి డాక్టరని దారిపొడుగునా చెప్పారు. ఎవడో అనుకున్నా."

"ఆ సంగతులు తర్వాత మాట్టాడుకోవచ్చు" అంది అయ్యవారమ్మ. "నిన్న పొద్దుగూకినకాడ్నించి వాంతులు. చూడు నాయనా, నీకు పుణ్యం ఉంటది."

చూశాను. గజ్జలో పేగు దిగి, దిగిన సందులోనే ఇరుక్కుపోయింది. గడ్డ వెలక్కాయంత గట్టిగా ఉంది, లోపలికి నెడితే పోవడం లేదు. ఇలా ఇరుక్కున్న పేగుకు నెత్తురు అందదు. అందకపోతే కుళ్ళుతుంది. కుళ్ళితే ఆ రోజుల్లో మనిషి దక్కడు. గుంటూరు పంపుదామంటే రైలు వెళ్ళిపోయింది, మళ్ళీ రైలొచ్చేదాకా ఆ పేగు ఆగదు. ఇప్పుడే కోయాలని, కోయకపోతే ఆయన మనకు మిగలరని అయ్యవారమ్మతో చెప్పాను. ఆమె విసనకర్ర ఆపి భర్తవంక చూసింది.

"కొయ్యి. నేను కాదన్లేదుగా" అన్నారాయన. "కుడి చేత్తో కొయ్యి."

"చేతులకి రబ్బరు తొడుగులు ఉంటాయండీ. చెయ్యి అసలు తగలదు."

"తొడుగు లోపల ఉండేది ఏ చెయ్యి?"

నేను ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"ఆ చెయ్యి నా కడుపులోకి పోయినాక నేను సంధ్య ఎట్టా వార్చాలిరా? నువ్వే చెప్పు."

"సంధ్య వార్చడానికి మనిషంటూ ఉండాలిగా" అంది అయ్యవారమ్మ. ఆయన వినిపించుకోలేదు. కుడిచేత్తో అని మాటిస్తేనే బల్ల ఎక్కుతానని, లేకపోతే బండి వెనక్కి తిప్పమని భీష్మించుకున్నారు. వాంతికీ వాంతికీ మధ్యన ఇంత మొండితనం ఎక్కడ దాచుకున్నారో అని నాకు ఒళ్ళు మండింది. కాని టైము పోతోంది. సరేనండీ, కుడిచేత్తోనే అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే అన్నాను. ఆ చెయ్యిని తయారుచేసింది ఆయనే, ఈ పూటకు ఆయన్ని కాపాడకపోతుందా అనుకున్నాను.

ఆయన అంతటితో వదలలేదు. బల్లమీద పడుకోబెట్టాక సాయిబును దగ్గరికి పిలిచారు.

"ఏమయ్యా, నువ్వు అబద్ధం ఆడతావా?"

"ఖుదా మీద ఒట్టు, ఆడను పంతులుగారూ."

"అయితే నా తలకాడ నిలబడు. వీడు ఏ చెయ్యి వాడుతున్నాడో ఎప్పటికప్పుడు నాకు చెప్పు."

అంటే బళ్ళో క్లాసు లీడరును పెట్టినట్టు, ఆపరేషను గదిలో కూడా పెట్టుకున్నారన్నమాట. సాయిబు నావంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పాపం, రెండువైపులా ఇరుక్కున్నది ఆయనే.

వెన్నులో మత్తు ఇంజెక్షనిచ్చాను. నడుము నుంచి కిందికి తిమ్మిరెక్కింది, నోటికి ఎక్కలేదు. ఆయన ఛాతీ దగ్గర అడ్డంగా దుప్పటి కట్టించాను. మిట్టమధ్యాహ్నం, దుమ్ము రాకుండా కిటికీలు మూసేసరికి గది కుమ్ములాగా ఉంది. మా నర్సమ్మది రెంటచింతల, మాట వినపడకుండా పెదాలు కదుపుతూ ప్రభువును తలుచుకోవడం ఆమె అలవాటు. దుప్పటికి అవతల సాయిబు ఖుదాను తలుచుకుంటున్నాడు. అయ్యవారు మాత్రం పదమూడో ఎక్కం మొదలుపెట్టారు. ఎందుకో నాకు తెలుసు. బళ్ళో ఉరుములు ఉరిమితే ఆయన మాచేత పదమూడో ఎక్కం చెప్పించేవారు, ఎందుకంటే ఉరుములంటే ఆయనకు భయం.

కోత మొదలుపెట్టాను.

"కుడి" అన్నాడు సాయిబు. కాసేపాగి, "ఇంకా కుడే. ఇప్పుడు కత్తెర, కుడి. ఎడం చేత్తో ఏందో పట్టుకున్నారు పంతులుగారూ. గుడ్డ. ఉట్టి గుడ్డే."

"గుడ్డ పట్టుకోవచ్చులే" అన్నారు అయ్యవారు, ఎక్కం మధ్యలో ఆపి.

పొరలు విప్పుకుంటూ పోయాను. అంతవరకు ఆయన నేర్పిన చెయ్యి చక్కగా నడిచింది. ఇక అసలు చోటు వచ్చింది. పేగు దిగిన సందు చుట్టూ ఉంగరంలాగా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది, పేగు మెడ నొక్కుతున్నది అదే. దాని కిందుగా ఒక వేలు దూర్చి, ఆ వేలి మీదుగా కత్తి జార్చి, ఆ పట్టీని గోరంత తెంచాలి. కింద పేగు, పక్కన పెద్ద రక్తనాళం. కుడిచేత్తో కత్తి పెట్టాను. కొస వణికింది, తీసేశాను. ఊపిరి పీల్చుకుని మళ్ళీ పెట్టాను, మళ్ళీ వణికింది. అది భయం కాదు. ఆ చెయ్యి చదువుకున్న చెయ్యి, ఇలాంటి సందుల్లో దానికి దారి తెలియదు. నర్సమ్మ పెదాలు ఆగిపోయాయి.

"ఏందయ్యా, చెప్పవేం?" అన్నారు అయ్యవారు.

"కుడి చెయ్యి గాల్లో ఉంది పంతులుగారూ."

"ఎడం చెయ్యి?"

"అదీ గాల్లోనే ఉంది."

నేను ఎడంచేత్తో కోసేస్తే ఆయన లేచి పోగలరా? కాళ్ళు ఆయన స్వాధీనంలోనే లేవు. కాని మాటిచ్చి ఎక్కించాను. ఆ మాట తప్పి కోస్తే, బతికి బయటపడ్డా ఆయన ఆ ఒంటితో సుఖంగా ఉండరని నాకు తెలుసు. ఊరుకుంటే అసలు ఉండరు.

"అయ్యవారూ" అన్నాను.

"ఏందిరా?"

"మీరు నేర్పిన చెయ్యి ఇక్కడిదాకా తెచ్చిందండీ. ఇకమీద దానికి చేతకాదు. దీంతో కోస్తే పేగు తెగుతుంది."

తలుపు అవతల నుంచి అయ్యవారమ్మ గొంతు వినపడింది. "ఇంకా ఏం ఆలోచిస్తన్నారండీ?"

"నువ్వుండవే" అని, ఆయన నన్ను అడిగారు, పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో. "రెండో దాంతో అయితే తెగదా?"

"తెగదండీ."

"గట్టిగా చెప్పు."

"తెగదండీ."

నా చెమట నా చెవుల వెంట కారుతోంది. అప్పుడు అన్నారు, రెండు వీధులకు వినపడే ఆ గొంతుతో కాదు, పక్కనున్నవాడికి వినపడేంతే.

"కట్టు విప్పాను. కానీయ్."

నాకు కళ్ళు నిండాయి. చెమటనుకుని నర్సమ్మ తుడిచింది. కత్తి చెయ్యి మారింది.

"ఎడం" అన్నాడు సాయిబు, ఒట్టు వేశాడు కాబట్టి తప్పక, నెమ్మదిగా.

"తెలుసులే. ఇంక చెప్పక్కర్లేదు" అన్నారు అయ్యవారు.

వేలి మీదుగా కత్తి జారింది. పట్టీ తెగిన చప్పుడు నా ఒక్కడికే వినపడి ఉంటుంది. పేగు బయటికి తీసి చూస్తే నేరేడుపండు రంగులో ఉంది. వేడి ఉప్పునీళ్ళలో ముంచిన గుడ్డ కప్పి నిలబడ్డాం. ఆ రంగు మారకపోతే ఇంత గొడవా వృథా. గుడ్డ తీసి చూశాం, మళ్ళీ కప్పాం. మూడోసారి తీసేసరికి ఒక చివర ఎరుపు కనపడింది. ఆ ఎరుపు మెల్లగా ఆ చివరినుంచి ఈ చివరికి పాకింది. నర్సమ్మ పెదాలు మళ్ళీ కదిలాయి.

"పంతులుగారూ, పేగు ఎర్రబడింది" అన్నాడు సాయిబు.

అయ్యవారు దానికి జవాబివ్వలేదు. "పదమూడు తొమ్మిదులు ఎంతరా? ఆడ ఆగిపోయా" అన్నారు.

"నూటపదిహేడండీ."

"నిన్ను కాదు అడిగింది. నీ పని నువ్వు చూసుకో."

ఎక్కం మళ్ళీ సాగింది. నేను పేగు లోపలికి సర్ది కుట్లు వేశాను. ముడులూ కత్తెరా కుడిచేతి పనులే కాబట్టి సాయిబు ఆ సంగతి అడక్కుండానే చెప్పాడు. గదిలో సాయిబుకంటే సంతోషంగా ఎవరూ లేరు.

రెండు రోజులకు పెద్ద డాక్టరుగారు కోర్టు నుంచి తిరిగొచ్చారు. నర్సమ్మ కథంతా చెప్పింది. ఆయన వార్డుకెళ్ళి కట్టు విప్పించి గాయం చూశారు. "కుట్లు తిన్నగా ఉన్నాయే" అన్నారు నాతో, ఆశ్చర్యంగా.

"తిన్నగా ఉండకేం? నా చెయ్యేగా" అన్నారు మంచంమీదున్న అయ్యవారు. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళకల్లా గాయం చూపించి పంచిపెట్టారు, కుట్లు తనవి, కోత నాది అని. కోత గురించి ఎవరైనా ఎక్కువ మెచ్చుకుంటే ఆయనకు నచ్చేది కాదు. పెద్ద డాక్టరుగారికి ఇంకో దిగులు పట్టుకుంది. "అదృష్టం బాగుండి ఎడమ పక్క వచ్చింది. అదే కుడి పక్క వచ్చి ఉంటే నేను లేనప్పుడు వీడికి చూపించేవాడివా?" అని సాయిబును నిలదీశారు. సాయిబు చాలాసేపు ఆలోచించి, రూలు ప్రకారం అయితే చూపించేవాణ్ణి కాదన్నాడు. ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుగారు ఆ రూలు ఎత్తేశారు.

అయ్యవారిని ఇంటికి పంపే రోజు వచ్చింది. గూడుబండిలో గడ్డి పరిచి ఎక్కించాం. నేను పక్కన నిలబడి ఏం తినాలో, ఏం బరువులు ఎత్తకూడదో అయ్యవారమ్మకు చెబుతుంటే, ఆయన నా ఎడంచెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూశారు. సరిగ్గా నులక కట్టే చోట బొటనవేలితో నొక్కారు.

"గట్టిగా కట్టేవాణ్ణంట్రా?"

"రోజూ విప్పేవారుగా అండీ."

ఆయన తలూపి చెయ్యి వదిలేశారు. ఏం చెయ్యాలో తెలియక మందు సీసా అందించాను. ఆయన అందుకోలేదు. సీసావంకే చూస్తూ కూచున్నారు. బండివాడు ఎద్దుల్ని అదిలించబోతే ఆగమని చెయ్యెత్తారు.

"ఏ చేత్తో ఇస్తన్నావురా?"

చూసుకున్నాను. చెయ్యి మార్చి ఇచ్చాను. అప్పుడు పుచ్చుకున్నారు. బండి కదిలింది.

అదీ నా గురువుల సంగతి. పెద్ద పెద్ద పేర్ల కోసం వచ్చినవాళ్ళు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. నేను ఇప్పటికీ ఎవరికి ఏమిచ్చినా కుడిచేత్తోనే ఇస్తాను, మొన్న ఆ కుర్రాళ్ళకు జంతికలు కూడా ఆ చేత్తోనే పెట్టాను. కోతకు మాత్రం, ఆ మధ్యాహ్నం ఆయన కట్టు విప్పాక మళ్ళీ ఎవరినీ అడగలేదు.